గవర్నర్‌కు ఎన్నికేంది సార్?

ముందుగా ప్రమాణం. కింద రాసిన ప్రతి అక్షరం నిజం. తార్నాక చౌరస్తాలో నేను ముప్ఫై ఏళ్ళుగా చాయ్ తాగుతున్న హోటల్ మీద ఒట్టు. నాకు మిగిలిన ఒక్క మంచి మోకాలి మీద ఒట్టు. మా ఆవిడ మీద కూడా పెడదామనుకున్నాను గానీ ఆమె ఒప్పుకోలేదు. "నన్నెందుకు ఇరికిస్తవ్? నాకింక పనులున్నయ్" అంది.

నేను జపాన్ భాష దుబాసీని. ఉత్తరాలు అనువదించడం, వచ్చిన అతిథుల వెంట తిరిగి వాళ్ళ మాట మనకూ మన మాట వాళ్ళకూ చెప్పడం, సాయంత్రాలు డిప్లొమా క్లాసులు చెప్పడం నా పని. యాభై అయిదేళ్ళకే చాలనుకుని స్వచ్ఛందంగా తప్పుకున్నాను. తార్నాక చుట్టుపక్కల క్యాంపస్‌లు ఒకటికి రెండున్నాయి. నేను పనిచేసింది ఏదో చెప్పను. రోజూ పొద్దున అక్కడి చెట్ల కిందే నడుస్తాను, గేటు దగ్గర ఆపితే కష్టం.

ఈ మధ్య జపాన్ భాష నేర్చుకునే పిల్లలు పెరిగారు. మల్కాజ్‌గిరి నుంచి, బౌద్ధనగర్ నుంచి వెతుక్కుంటూ మా ఇంటికి వస్తారు. ఏ పరీక్ష పాసవ్వాలి, ఏ నిఘంటువు కొనాలి, ఫోనే మాట మార్చి చెబుతుంటే ఇంక మేమెందుకు అని అడుగుతారు. ఈ చివరి ప్రశ్న ఒక్కటే మంచి ప్రశ్న. దానికి జవాబుగా ఈ ఉద్యోగం నిజంగా ఏమిటో రాస్తున్నాను. నాకు ఏ ఏడాది ఏ హోదా వచ్చిందో రాయను. హోదా వచ్చిన ప్రతిసారీ కుర్చీ మారింది, చేసే తప్పులు మారలేదు.

ఫ్యాన్ ఉన్న కిటికీ

జపాన్ మీద ప్రేమతో ఈ పనిలోకి వచ్చానని అతిథులకు చెబుతూ వచ్చాను. అది మర్యాద. జరిగింది వేరు. అది మే నెల. భాషల డిప్లొమాకు ఫారాలు ఇస్తున్నారు. ఫ్రెంచ్ కిటికీ ముందు లైను మెట్ల దాకా ఉంది. జర్మన్ కిటికీ మూసి ఉంది. జపనీస్ కిటికీ ముందు ఒక్క మనిషి లేడు, పైన ఫ్యాన్ మాత్రం గిర్రున తిరుగుతోంది. కాసేపు గాలికి నిలబడ్డాను. లోపలున్న గుమాస్తా అనుమానంగా చూశాడు. ఊరికే నిలబడితే బాగుండదని ఫారం అడిగాను. ఆ గాలికి నా జీవితం అటు కొట్టుకుపోయింది.

భాష మీద ప్రేమ ఉంటేనే రావాలని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. ప్రేమ తర్వాతైనా వస్తుంది. ముందు కావలసింది చెవి.

ఊఁ కొట్టడం

ఆ చెవి నాకు మొదట్లో లేదు. కొత్తలో ఒక జపాన్ కంపెనీ పెద్దమనిషి మా క్యాంపస్ చూడ్డానికి వచ్చాడు. మావాళ్ళు ఆయన్ను కూర్చోబెట్టి కోరికలు విప్పారు. లైబ్రరీకి కొత్త భవనం కావాలి. ఆయన తలూపి "హై" అన్నాడు. చదువుకునే గదుల్లో ఏసీలు కావాలి. "హై." ముందు ఒక తోట కూడా ఉంటే బాగుంటుంది. "హై, హై." నిఘంటువులో హై అంటే అవును. కాబట్టి నేను ప్రతి హైకీ "సరేనంటున్నారు సార్" అని చెప్పుకుంటూ పోయాను. అంత సులువైన దుబాసీ పని నా జీవితంలో మళ్ళీ దొరకలేదు.

మర్నాటికి శాలువా వచ్చింది, దండ వచ్చింది, కట్టబోయే భవనం బొమ్మ గీసిన పెద్ద బోర్డు వచ్చింది. బొమ్మలో తోట కూడా ఉంది. అతిథి ఆ బోర్డును మెచ్చుకుని, నా చెవిలో మెల్లగా అడిగాడు: ఈ భవనం ఎవరు కట్టిస్తున్నారు?

"మీరే" అన్నాను.

ఆయన ముఖం ఎలా మారిందో రాయను. మా సెక్షన్ పెద్ద రహమతుల్లా సార్ నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, తిట్టకుండా అడిగాడు.

"యాదగిరీ, చిన్నగున్నప్పుడు మీ నాయనమ్మ కథలు చెప్పిందా?"

"చెప్పింది సార్."

"నువ్వు ఊఁ కొట్టినవా?"

"కొట్టిన సార్."

"కథల రాక్షసుడు ఊరోళ్ళందర్ని తింటా అన్నప్పుడు గూడ ఊఁ అన్నవ్ గద. అంటే తినమని ఒప్పుకున్నట్టేనా?"

"కాదు సార్. వింటున్న అని."

"మరి పాపం గా బిచారా మనిషి గూడ విన్నడు, అంతే. నువ్వు ఆయనతోని లైబ్రరీ కట్టిస్తివి, తోట పెట్టిస్తివి. ఇంకో గంట కూసుంటే స్విమ్మింగ్ పూల్ గూడ తవ్విపిస్తుంటివి."

ఆ బోర్డు చాలా ఏళ్ళు మా సెక్షన్‌లోనే ఉంది. వెనక వైపు ఖాళీగా ఉందని పరీక్షల టైంటేబుల్ రాసుకున్నాం. ఇప్పటికీ కొత్త పిల్లలు మాట వినగానే అర్థం చెప్పేస్తుంటే నాకు చిరాకు వస్తుంది. మాటకు అర్థం పుస్తకంలో ఉంటుంది. ఆ మనిషి ఆ క్షణంలో ఆ మాటతో ఏం చేస్తున్నాడన్నది పుస్తకంలో ఉండదు, ఫోన్‌లోనూ ఉండదు.

పాయింట్ల ఓటు

ఇక అసలు సంగతి. జపాన్ రాజధాని టోక్యో. ఆ మహానగరాన్నీ దాని చుట్టుపక్కల ప్రాంతాన్నీ కలిపి పాలించే మనిషిని నాలుగేళ్ళకోసారి ప్రజలే ఓటేసి ఎన్నుకుంటారు. ఆ పదవిని జపాన్ భాషలో "చిజి" అంటారు. ఇంగ్లీషులో గవర్నర్ అని రాస్తారు. ఆ ఎన్నిక మీద మాట్లాడమని మా పొలిటికల్ సైన్స్ వాళ్ళు ఒకసారి సెమినార్‌కు పిలిచారు.

నేను ఎప్పుడూ అబద్ధాలు చెబుతానని క్యాంపస్‌లో ఒక పుకారు ఉంది. అందుకని ఆ రోజు పట్టుబట్టి అన్నీ నిజాలే చెప్పాను. అక్కడ గుర్తులుండవు, బటన్లుండవు. ఓటరు పెన్సిల్‌తో అభ్యర్థి పేరు సొంత చేత్తో రాయాలి. అందుకే అభ్యర్థులు పోస్టర్ల మీద తమ పేర్లను చిన్నపిల్లలు కూడా రాయగల తేలిక అక్షరాల్లో వేసుకుంటారు. మడిచి పెట్టెలో వేసిన కాగితం దానంతటదే విచ్చుకుంటుంది, లెక్కపెట్టేవాళ్ళకు విప్పే పని లేకుండా. ఇద్దరు అభ్యర్థుల ఇంటిపేరు ఒకటే అయి, ఓటరు ఆ ఇంటిపేరు ఒక్కటే రాసి వస్తే, ఆ ఓటును వాళ్ళిద్దరికీ పంచుతారు. మిగతా ఓట్లు ఎవరికెన్ని వచ్చాయో ఆ ప్రకారం పంచుతారు కాబట్టి ఓట్లు పాయింట్లలో, అంటే దశాంశాల్లో కూడా వస్తాయి.

వేదిక మీద డిప్యూటీ రిజిస్ట్రార్ వెంకట్రాములు గారున్నారు. అనుమతులన్నీ ఆయన సంతకంతోనే వెళ్ళేవి. ఆయన మైకు దగ్గరికి లాక్కున్నారు.

"యాదగిరి గారూ, జర నాకొక డౌటు. ఆ పాయింటు మూడు ఓటు ఏసినోడు బూతుకాడికి ఎట్ల వచ్చిండు? ఇంట్ల కూసొని ఒక్క చెయ్యి పంపిండా?"

హాలంతా ఘొల్లుమంది. చాయ్ కప్పులు పంచుతున్న మనిషి కూడా పళ్ళెం కింద పెట్టి మరీ నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. మండి ఏం చేశానంటే, ఒక అబద్ధం చెప్పాను. "అంతేకాదు సార్, ఓడిపోయిన అభ్యర్థి మర్నాడు పొద్దున్నే వచ్చి తన పోస్టర్ తనే పీకేసి, ఆ బోర్డుకు దండం పెట్టి పోవాలని అక్కడ చట్టం ఉంది" అన్నాను. అలాంటి చట్టమేదీ లేదు. వెనక బెంచీల్లో పెన్నులు కదిలాయి. వెంకట్రాములు గారు మెచ్చుకోలుగా తలాడించి, "గిది మంచిగున్నది. మన దగ్గర గూడ పెట్టాలె" అన్నారు.

నిజాలు నాలుగు చెబితే నవ్వారు, అబద్ధం ఒక్కటి చెబితే రాసుకున్నారు. మీరు ఈ పనిలోకి వస్తే ఇది మీకూ జరుగుతుంది. దూరదేశం సంగతి ఎంత నిజమైతే అంత కట్టుకథలా వినిపిస్తుంది. దాన్ని నమ్మించడం మీ ఉద్యోగంలో సగం. ఆ రోజు నుంచి వెంకట్రాములు గారు ఎదురొస్తే నేను లైబ్రరీ వైపు తిరిగిపోయేవాణ్ణి.

సరిత అడిగిన ప్రశ్న

సెమినార్ అయ్యాక అందరూ సమోసాల దగ్గరికి పోతే ఒక అమ్మాయి మాత్రం నా దగ్గరికి వచ్చింది. పేరు సరిత. పొలిటికల్ సైన్స్‌లో పరిశోధక విద్యార్థిని, జనగామ పక్క పల్లె. అడిక్‌మెట్‌లో ఇంకో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేది.

"సార్, పేరు రాయాలె అన్నరు గద. మరి రాయరానోళ్ళు ఎట్లేస్తరు?"

"బూతులో ఉండే సిబ్బంది రాసిపెడతారమ్మా."

"రాసేటాయన వేరే పేరు రాస్తే?"

"పక్కన ఇంకొకరు నిలబడి చూస్తుంటారు."

"ఇద్దరూ ఒక్కటే అయితే?"

నేను నా కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాను. ఆమె నవ్వి చెప్పింది. "మా అమ్మకు చదువు రాదు సార్. చర్చిల పాటలన్నీ చూడకుంట పాడుతది, పుస్తకం మాత్రం తలకిందులు పట్టుకుంటది. ఓటు గుర్తు చూసి ఏస్తది. గుర్తు లేకుంటే మా అమ్మ ఓటు ఏమయితుండె? గదే ఆలోచిస్తున్న."

పెద్ద పెద్ద ప్రొఫెసర్లు పాయింట్ల మీద నవ్వుకుంటుంటే, ఆ హాలు మొత్తంలో పనికొచ్చే ప్రశ్న వేసింది ఈమె ఒక్కతే. అదే ఆమె పరిశోధన విషయమైంది: రాసి ఓటేసే చోట, రాయలేని మనిషి ఓటు. రెండేళ్ళు నా దగ్గర జపాన్ భాష నేర్చుకుంది. నేను చెప్పిన తప్పులు కూడా శ్రద్ధగా నేర్చుకుంది. ఆ తర్వాత టోక్యోలోని ఒక విశ్వవిద్యాలయానికి సొంతంగా ఉత్తరం రాసింది. వాళ్ళు రమ్మన్నారు. ఎనిమిది వారాలు, టికెట్టు వాళ్ళదే, ఉండడానికి గది వాళ్ళదే. గవర్నర్ ఎన్నిక సరిగ్గా ఆ ఎనిమిది వారాల్లోనే. కావలసింది ఒక్కటే, మా క్యాంపస్ అనుమతి పత్రం. మూడు వారాల తర్వాత వచ్చే శుక్రవారం లోపల వాళ్ళకు అందాలి. ఆ ఎన్నిక తప్పితే మళ్ళీ నాలుగేళ్ళకు. అప్పటికి ఆమె పరిశోధన గడువే ఉండదు.

ఒక్క మాట, నాలుగు ఆఫీసులు

జపాన్ భాషలో వచ్చిన ఉత్తరానికి నా అనువాదం జత చేయాలి. ఆ నెలలోనే ఆఫీసు నోట్లన్నీ తెలుగులో పెట్టాలని సర్క్యులర్ వచ్చింది. నేను ఉత్సాహంగా, "టోక్యో గవర్నర్ ఎన్నికను పరిశీలించుటకు అనుమతి గురించి" అని విషయం రాసి ఫైలు పంపాను.

అయిదు రోజులు ఏ చప్పుడూ లేదు. ఆరో రోజు ఫైళ్ళు తీసుకునే సెక్షన్ సూపరింటెండెంట్ అనసూయ మేడమ్ నా టేబుల్ దగ్గరికే వచ్చింది.

"యాదగిరి సార్, ఏంది గీ లొల్లి? గవర్నర్‌కు ఎన్నికేంది సార్? గవర్నర్‌ను పైనుంచి ఏస్తరు గద."

"మన గవర్నర్ కాదు మేడమ్. టోక్యో గవర్నర్."

"ఏ గవర్నర్ అయితేంది? ఆ మాట ఉన్న కాయితం నేను ముట్టొద్దు. ఛాన్సలర్ సెక్షన్‌కు పోవాలె, పోయింది."

తెలియని వాళ్ళకు చెప్పాలి: మన దగ్గర రాష్ట్ర గవర్నరే విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్. అందుకని ఆ మాట కనిపించిన ప్రతి కాగితమూ వేరే గదికి, వేరే బీరువాలోకి పోతుంది. అన్నేళ్ళు అక్కడ పనిచేసి ఆ సంగతి నాకు తట్టలేదు.

"అక్కడ ఏమన్నారు?" అన్నాను.

"గవర్నర్ పక్కకు ఎన్నిక అని చూసి పరేషాన్ అయిండ్రు. పోరగాళ్ళు గవర్నర్‌కు గూడ ఎన్నిక పెట్టాలని ధర్నా గిట్ల చేస్తున్నరా అని గేటు కాడ సెక్యూరిటీని అడిగిండ్రంట. ఆయన నాకెర్క లేదు అన్నడంట. దాంతోని ఇంక భయపడ్డరు."

ఫైలు "స్పష్టత అవసరం" అన్న ముక్కతో తిరిగొచ్చింది. సరే, మాట మార్చాను. ప్రజలు ఎన్నుకునే పాలకుడు కాబట్టి "ముఖ్యమంత్రి వంటి పదవి" అని రాశాను. అర్థానికి అదే దగ్గర. నాలుగు రోజులకు వెంకట్రాములు గారి చేతిరాతతో ప్రశ్న వచ్చింది: "అభ్యర్థిని ఏ పార్టీ తరఫున వెళ్ళుచున్నది?" ఆయన లెక్కలో ముఖ్యమంత్రి ఎన్నిక అంటే ప్రచారం, జెండాలు, జనాన్ని తరలించడం. మన విద్యార్థిని అక్కడ ప్రచారం చేస్తే రేపు ఎవరు జవాబుదారీ?

ఈసారి "మేయర్" అని రాశాను. సరిత గైడు తల పట్టుకున్నాడు. టోక్యో లోపలి వార్డులకు వేరే మేయర్లున్నారని, ఇది శుద్ధ తప్పని అన్నాడు. అయినా పంపాను. మేయర్ అంటే నగర పాలన, నగర పాలన అంటే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ శాఖ, కాబట్టి వాళ్ళకు అభ్యంతరం లేదని రాయించుకుని రమ్మన్నారు. ఆ శాఖ పెద్ద తన బావమరిది గృహప్రవేశానికి వెళ్ళాడు. ఇల్లు చూసి రావడానికి అయిదు రోజులు పట్టింది. ఎంత ఇల్లో!

సరిత రోజూ వచ్చేది. మొదటి వారం కూర్చునేది. రెండో వారం నిలబడేది.

"సార్, నేనేమో ఎన్నిక చూడనీకి పోతున్న. గీడ నా ఫైలే ప్రచారం చేస్తున్నది, ఇల్లిల్లు తిరుగుతున్నది."

"ఒక్క మాట కుదరాలమ్మా. కుదిరితే అయిపోతుంది."

"మాట ఎప్పుడు కుదుర్తది సార్? శుక్రవారం మాత్రం శుక్రవారమే వస్తది."

ఆమె మీద విసుక్కున్నాను. మాటలంటే నీకు తెలియదులే అన్నాను. నాకు అప్పటికే కొత్త మాట దొరికిందన్న ఉత్సాహంలో ఉన్నాను: "రాజధాని ప్రాంతాధిపతి." ఎంత గంభీరమైన మాట! రెండుసార్లు పైకి చదువుకుని మరీ పంపాను.

అనసూయ మేడమ్ దాన్ని చూడగానే అడిగింది. "అధిపతి అంటే రాజా సార్?"

అదే సందేహం వెంకట్రాములు గారికీ వచ్చింది. "రాజులకు ఎన్నికలు ఉండవు. చరిత్ర శాఖ అభిప్రాయము తీసుకొనవలెను" అని రాశారు. అప్పటికి మంగళవారం. శుక్రవారానికి మూడు రోజులుంది.

చిజి

ఆ మంగళవారం నాకు బుద్ధొచ్చింది. అసలు మాట మార్చడమెందుకు? బుధవారం కొత్త కాగితం తీసుకుని, "టోక్యో చిజి ఎన్నికను పరిశీలించుటకు" అని రాసి, నేనే తీసుకెళ్ళి వెంకట్రాములు గారి టేబుల్ మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు పైకి జరిపారు. కిందికి జరిపారు. చిజి అంటే ఏమిటని అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. అడగకపోతే సంతకం పెట్టాలి.

"ఆఁ, చిజి ఎన్నిక" అన్నారు చివరికి. "వస్తున్నది గద. తెలుసు, తెలుసు."

సంతకం పెట్టారు. గురువారం పత్రం టోక్యోకు చేరింది. సరిత వెళ్ళింది. ఎన్నికల రోజున అక్కడి నుంచి ఫోన్ చేసి అరిచింది: "సార్, కాయితం నిజంగనే విచ్చుకుంటది! నేను కండ్లతోని చూసిన!" రాయలేని ఒక ముసలావిడ పక్కన ఇద్దరు నిలబడి, ఒకరు రాస్తుంటే ఒకరు చూస్తుండడం కూడా చూసిందట. తిరిగొచ్చి పరిశోధన పూర్తి చేసింది. ఆ రోజు నుంచి నా సలహా ఒకటే: కుదరని మాటను అనువదించకండి, అలాగే వదిలేయండి.

ఒప్పుకోలు

ఇంతవరకు రాసి, పొరపాట్లుంటే చూడమని సరితకే ఇచ్చాను. ఆమె ఇప్పుడు మల్కాజ్‌గిరిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్. మా ఇంట్లో కూర్చుని అన్నీ చదివింది. ఊఁ కొట్టడం దగ్గర నవ్వింది, గృహప్రవేశం దగ్గర పళ్ళు కొరికింది. చివరి పేజీ రెండుసార్లు చదివి కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది.

"సార్, నేను టోక్యో ఎప్పుడు పోయిన?"

నేను చాయ్ కోసం మా ఆవిడను పిలిచాను.

"మేడమ్‌ను పిలవకండి. ఎప్పుడు పోయిన, చెప్పండి."

"కథ చివర బాగుంటుందని..."

"ఎవరికి బాగుంటది?"

కాబట్టి ఒప్పుకుంటున్నాను. గవర్నర్, ముఖ్యమంత్రి, మేయర్, అధిపతి దాకా జరిగినదంతా నిజం. విచ్చుకునే కాగితమూ నిజమే, పాయింట్ల ఓటూ నిజమే. చిజి అన్న శీర్షిక కింద రాసింది మాత్రం నేను కల్పించాను. ఫైలు చరిత్ర శాఖలో ఉండగానే శుక్రవారం వచ్చింది, పోయింది. చిజి అని వదిలేయాలన్న ఆలోచన నాకు వచ్చింది ఆ తర్వాతి సోమవారం, బస్సులో. సరిత ఎక్కడికీ పోలేదు. విషయం మార్చుకుని, మన నగరం వార్డు ఎన్నికల మీద రాసి పట్టా తెచ్చుకుంది. నా మీద ఒక్క మాట అనలేదు. నా క్లాసుకు మాత్రం మళ్ళీ రాలేదు, ఏడాది దాకా.

ఆ చిజి చిట్కా పనిచేసేదని కూడా నేను చాలా కాలం నమ్మాను. వెంకట్రాములు గారు రిటైరయ్యాక ఒకరోజు తార్నాక హోటల్లో ఎదురుపడ్డారు. తప్పించుకోవడానికి అక్కడ లైబ్రరీ లేదు. కూర్చుని, ఆ పాత ఫైలు సంగతెత్తి, "చిజి అని రాసి ఉంటే మీరు సంతకం పెట్టేవారు" అన్నాను గొప్పగా.

ఆయన ఆలోచించారు. "పెట్టకపోతుంటి. చిజి అంటే ఏంది అని అడుగుతుంటి. నువ్వేమంటుంటివి?"

"గవర్నర్ అని."

"ఆఁ" అన్నారాయన, చాయ్ ఊదుకుంటూ. "యాదగిరి, నా రూము నీ సెక్షన్‌కు ఎదురుగనే ఉండె. ఒక్కసారి ఆ పిల్లను తోలుకొచ్చి, కూసొని నోటితోని చెప్తే అయిపోతుండె గద. గిన్ని కాయితాలు ఎందుకు పంపినవయ్యా? నేను రోజూ అనుకుంటుంటి, ఈయన రాడేంది అని."

ఎందుకు వెళ్ళలేదో ఆయనకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. సెమినార్‌లో ఆయన నలుగురి ముందు నన్ను నవ్వులపాలు చేశారు. ఆయన ముందు మళ్ళీ నిలబడి వివరించడం నాకిష్టం లేదు. ముప్ఫై ఏళ్ళు నోటితో బతికిన దుబాసీని, ఒక అమ్మాయి పని పడ్డప్పుడు నోరు మూసుకుని, టేబుల్ దగ్గర కూర్చుని మాటలు చెక్కాను. తప్పు ఆ నాలుగు మాటల్లో లేదు. ఏ మాట రాసినా ఎదుటి మనిషికి రెండు నిమిషాలు చెప్పాల్సిందే. ఫోన్ ఉండగా మీరెందుకని అడిగారు కదా. ఆ ఎదురు గదిలోకి నడిచి వెళ్ళడానికి. నేను ఆ పనే చేయలేదు.

ఈ భాగం రాసి మళ్ళీ సరితకు చూపించాను. ఈసారి నవ్వలేదు, పళ్ళూ కొరకలేదు.

"ఇప్పుడు మంచిగున్నది సార్. చివర్ల ఒక ముక్క పెద్దగ రాయండి, నేనింక పోలేదని."

"అదెందుకు?"

"మళ్ళ ఎన్నిక వస్తున్నది. ఆ యూనివర్సిటీకి మళ్ళ రాసిన, రమ్మన్నరు. కాలేజీ అనుమతి కావాలె. మా ప్రిన్సిపాల్ మీ ముందటి కథ చదివితే, ఒకసారి పోయొచ్చినవ్ గదమ్మా, మళ్ళెందుకు అంటడు."

"రాస్తాను."

"ఇంకోటి. సోమవారం పది గంటలకు ఆయన రూముకు మీరు గూడ రావాలె. కాయితం నేను తెస్త. మీరు నోరు తెచ్చుకోండి."

సరిత ఇంకా టోక్యో పోలేదు. సోమవారం తొమ్మిదిన్నరకే మల్కాజ్‌గిరిలో ఉంటాను.